గొడుగు పక్కన బొటనవేలు

బుధవారం, పొద్దున పదింబావు. మా ఇంటి ముందు జీపు ఆగిన గంట అది. తారీఖు అడిగితే చెప్పలేను గానీ వారమూ గంటా ఖాయం. వారం ఎందుకు గుర్తంటే, ముందురోజే నరసరావుపేటలో ఓట్లు లెక్కపెట్టి మా పార్టీ ఓడిందని చెప్పారు. గంట ఎందుకు గుర్తంటే, జీపు చప్పుడు వినగానే మా మామ ఇంట్లోకి తల తిప్పి, "టైమెంతయిందమ్మా రాహేలూ" అని అడిగాడు. నా తోటికోడలు రాహేలు గోడ గడియారం చూసి, "పదింబావు మామయ్యా" అంది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. వాకిట్లో చూరు నీడ నాలుగో నాపరాయి మీద ఉంది. నన్ను అడిగి ఉంటే నేనూ చెప్పేదాన్ని. అడగలేదు.

పోయిన నెల రాహేలు కూతురు కరుణ వెల్దుర్తి నుంచి వచ్చింది. రాహేలు పోయి అప్పటికి నలభై రోజులు దాటింది. నా కాళ్ళు సహకరించక నేను మట్టి ఇవ్వడానికి వెళ్ళలేదు. కరుణ సంచిలోంచి ఒక బైబిలు తీసి, "అమ్మ ఇది మీకే ఇయ్యమంది పెద్దమ్మా" అని నా ఒళ్ళో పెట్టింది. అట్ట ఊడి, గుడ్డ ముక్కతో మళ్ళీ కుట్టిన బైబిలు. పురుగు పట్టకుండా పేజీల మధ్య వేపాకులు పెట్టడం రాహేలు అలవాటు. తెరవగానే ఆ ఎండువేపాకు వాసన వచ్చింది. మధ్యలో ఎక్కడో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. విప్పి చూశాను, మళ్ళీ మడిచి అక్కడే పెట్టాను. "ఏంది పెద్దమ్మా అది" అని కరుణ అడిగింది. "పాత ఓటు కాగితంలే" అన్నాను. అబద్ధమేమీ కాదు. ఓటు ఎట్లా వేయాలో నేర్పడానికి పార్టీ వాళ్ళు అచ్చు వేసి పంచిన ఉత్తుత్తి ఓటు కాగితం అది. దాని మీద ఇంకేముందో ఆ పిల్లకు చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడ రాస్తాను. రాయడం నాకు నేర్పింది కూడా రాహేలే కాబట్టి, ఆ నేర్పినదాంతోనే ఈ సంగతి రాయడం న్యాయం.

గురజాలకూ మాచవరానికీ మధ్య మా ఊరు. ఊరికి తూర్పున మా పేట, పేట మధ్యలో చిన్న చర్చి, చర్చి పక్కన మా ఇల్లు. తాటాకు కప్పు, నాపరాళ్ళ గోడ, వాకిలంతా నాపరాళ్ళే పరిచి ఉండేవి. పడమటి ముఖం ఇల్లు కాబట్టి పొద్దున చూరు నీడ వాకిట్లో చానా దూరం పడేది. ఎండ ఎక్కేకొద్దీ ఒక్కో రాయి దాటుకుంటూ గోడ దగ్గరికి వచ్చేది. ఏ రాయి మీద ఉంటే కూలికి బయలుదేరాలో, ఏ రాయి మీద ఉంటే గురజాల బస్సు వస్తుందో నాకు తెలుసు. ఎండాకాలం రాళ్ళు వేరు, చలికాలం రాళ్ళు వేరు. అది ఎవరూ నేర్పలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో, పదమూడేళ్ళ పిల్లను, బెంగతో వాకిట్లో కూర్చుని చూసీ చూసీ నేర్చుకున్నాను. పేటలో పక్కింటి వాళ్ళు కూడా గోడ మీంచి, "ఏమే దీనమ్మా, పొద్దెంత ఎక్కిందే" అని కేకేసి అడిగేవాళ్ళు. మా మామ యోహాను పొలానికి వెళ్ళేముందు నన్ను అడగకుండా చెప్పులు తొడిగేవాడు కాదు. అడిగించుకోవడంలో ఎంత రుచి ఉందో, అది పోయిన తరువాత గానీ తెలియలేదు.

రాహేలు మా మరిది సామ్యేలు భార్యగా ఆ ఇంటికి వచ్చినప్పుడు ట్రంకు పెట్టె, కుట్టుపని చేసిన దిండు గలీబులు, గోడ గడియారం తెచ్చుకుంది. వాళ్ళ నాన్న నరసరావుపేటలో మిషను బంగళా వంటమనిషి. దొరసాని వెళ్ళిపోతూ ఆయనకు ఇచ్చిన గడియారమట. రాహేలు బోర్డింగులో ఉండి ఎనిమిది చదివి, టీచరు ట్రైనింగు కూడా అయిన పిల్ల. తాళం చెవితో గడియారానికి కీ ఇచ్చి, గోడకు తగిలించి, కిందికి దిగింది. అది గంట కొట్టింది. పేట పేటంతా వచ్చి విన్నారు. ఆ రోజు నుంచి చూరు నీడ ఏ రాయి మీద ఉందని నన్నడిగినవాళ్ళు లేరు.

ఒక్క గడియారమే అయితే ఓర్చుకునేదాన్నేమో. మా అత్త మార్తమ్మకు నూజెండ్లలో తమ్ముడున్నాడు. ఆయన ఉత్తరం రాస్తే పోస్టుమాను మళ్ళీ తీరిగ్గా వచ్చేదాకా దాచిపెట్టి అతని కాళ్ళావేళ్ళా పడి చదివించుకునేది. రాహేలు వచ్చాక అత్త ఉత్తరం పట్టుకుని చాప మీద కూర్చుంటే రాహేలు చదివేది. అత్త ఏడ్చేది, నవ్వేది, మళ్ళీ మొదట్నుంచి చదవమనేది. ఆ సమయానికి నేను పొయ్యి దగ్గర జొన్నసంగటి తెడ్డుతో తిప్పుతూ ఉండేదాన్ని. అంతకు ముందు నా సంగటి లాంటి సంగటి తన పుట్టింట్లో కూడా తినలేదని అత్త పదిమందిలో చెప్పేది. ఆ ఉత్తరాల రోజుల్లో సంగటి ముద్ద చేతిలో పెట్టుకుని, ఎటో చూస్తూ మింగేది. దీపాలు పెట్టే వేళ ప్రార్థన. అంతకు ముందు మా మామ తనకు వచ్చిన నాలుగు కీర్తనలే తిప్పి తిప్పి చెప్పేవాడు, మేమంతా ఆయన వెనక పలికేవాళ్ళం. ఇప్పుడు బైబిలు రాహేలు చేతికి ఇచ్చి, తను కళ్ళు మూసుకుని వినేవాడు. రాహేలు చదువుతుంటే ఆమె గొంతులో తొట్రుపాటే ఉండేది కాదు. నేను కళ్ళు మూసుకోకుండా ఆమె వేలినే చూసేదాన్ని. ఆ చీమల బారుల మీద వేలు జరుగుతుంటే మాటలు ఎట్లా వస్తున్నాయో అర్థం కాక కడుపు రగిలిపోయేది. ప్రార్థనలో అందరూ ఆమెన్ అన్నాక నేను అన్న ఆమెన్ వేరు. త్వరగా అయితే చాలని.

ఆ ఏడు ఓట్లొచ్చాయి. అంతకు ముందు ఓట్లు తేలిక. తడిక వెనకాల గుర్తుకో పెట్టె ఉండేది. మన గుర్తున్న పెట్టెలో కాగితం పడేసి రావడమే. మొదటిసారి మా మామ కాగితం వేసి, లోపల పడిందో లేదోనని పెట్టెను రెండుసార్లు తట్టి, ఆఫీసరు చేత కేకలు తిన్నాడు. ఈసారి పద్ధతి మారిందన్నారు. పెట్టె ఒకటే. కాగితం మీదనే గుర్తులన్నీ ఉంటాయి. మన గుర్తు పక్కన రబ్బరు స్టాంపు కొట్టి, మడిచి పెట్టెలో వేయాలి. మా పేట మొదటి నుంచీ ఊరి పెద్ద రైతు చలమయ్య గారి పార్టీ. ఎందుకంటే చెప్పలేను. ఆయన పొలాల్లో పని చేసేవాళ్ళం, ఆయన పార్టీ మా పార్టీ అయింది. ఆ పార్టీ గుర్తు గొడుగు. చలమయ్య గారు మా మామను పిలిపించి, "మీ చిన్న కోడలు చదువుకుందంటగా. పేట ఆడోళ్ళకి ఓటెయ్యడం ఆ పిల్లని నేర్పమను. మనం గెలిస్తే పేటలో సమితి బడి పెట్టిచ్చి, టీచరు పోస్టు ఆమెకే ఇప్పిస్తా" అన్నాడట. ఆ మాట వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో అందరి నడకా మారింది. సామ్యేలు పెంకుటింటి కొలతలు వేశాడు. రాహేలు తన మంచి చీర ఒకటి ఉతికి, గంజి పెట్టి, మడిచి మంచం కింద దాచింది. బడికి మొదటి రోజు కట్టుకోవడానికని నాకు తెలుసు. ఆ చీర చూస్తే నాకు నిద్ర పట్టేది కాదు.

రాహేలు చర్చి ముందు ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పింది. స్టాంపు లేదు కాబట్టి పెరట్లో ముదిరిన బెండకాయను అడ్డంగా కోసి, తొడిమ వైపు సగం పట్టుకోమని, సిరాలో ముంచి గొడుగు పక్కన అద్దించింది. పువ్వు లాంటి గుర్తు పడేది. ఆడవాళ్ళు సంబరపడి మళ్ళీ మళ్ళీ అద్దేవాళ్ళు. ఆ నవ్వులు మా వంటింట్లోకి వినపడేవి. "రా అక్కా, నువ్వూ ఓసారి చూద్దువుగాని" అని రాహేలు రెండుసార్లు వచ్చి పిలిచింది. "పొయ్యి మీద కూరుంది" అన్నాను ఒకసారి. "నాకు తెలుసులే" అన్నాను రెండోసారి. తెలియదు. తెలుసుకోవడానికి ఆమె ముందు కాళ్ళు మడిచి కూర్చోవాలి. దాని కన్నా తెలియకపోవడమే నయమనిపించింది.

ఓట్ల రోజు పొద్దున్నే రాహేలు ఓట్లు వేయించే ఊరి బడి దగ్గరికి వెళ్ళింది. పార్టీ వాళ్ళు వేసిన బల్ల దగ్గర కూర్చుని, లిస్టు చూసి పేర్ల చీటీలు రాసి ఇవ్వడం ఆమె పని. వెళ్తూ వెళ్తూ నాకొక మాట చెప్పింది. "అక్కా, చివరి వరస ఇళ్ళ వాళ్ళు మిరపకాయ కోతలకు పోయి నా దగ్గర నేర్చుకోలా. వాళ్ళు తిన్నగా ఇటే వస్తారు. నాకు కబురు పెట్టు, ఐదు నిమిషాలు వచ్చి చూపించి పోతా." సరే అన్నాను. చూరు నీడ ఆరో రాయి మీద ఉండగా పన్నెండు మంది వచ్చారు. చేతులు మిరపకాయ ఘాటుకు మండుతున్నాయని కొంగులకు తుడుచుకుంటూ ఉన్నారు. ముందు నడిచింది సాలమ్మ. మా అత్త కన్నా పెద్దది, నోరు కూడా పెద్దది.

"ఎట్టేయాలే దీనమ్మా ఈ కొత్త ఓటు" అంది సాలమ్మ.

నన్ను ఒకరు ఏదో అడిగి ఎన్నాళ్ళయిందో. ఆ ప్రశ్న వినగానే నాలో ఏదో లేచి నిలబడింది. రాహేలుకు కబురు పెడతానని నా నోటికి రాలేదు. గడియారం వెనకాల రాహేలు దాచిన ఉత్తుత్తి కాగితాల కట్ట ఉంది. అందులోంచి ఒకటి లాగాను. చదువు రానివాళ్ళం లోకంలో ఏ కాగితం మీదైనా ఏం చేస్తాం? బొటనవేలు అద్దుతాం. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. పొయ్యి మీది కుండ మసి వేలికి రాసుకుని, గొడుగు బొమ్మ పక్కన గట్టిగా నొక్కి చూపించాను.

"ఇంతే. వేలు అద్ది మడిచి పెట్టెలో వేయడమే" అన్నాను.

"బెండకాయ ఏందో అన్నారుగా" అంది ఒకామె వెనక నుంచి.

"బెండకాయలు నేర్చుకోడానికే. ఓట్ల బడిలో కూరగాయలుంటయ్యా" అన్నాను. అందరూ నవ్వారు. నా మాటకు జనం నవ్వడం నాకు చానా బాగుంది. కాగితాన్ని మళ్ళీ కట్ట మీదే పెట్టి, గడియారం వెనక్కి తోసి, వాళ్ళతో బయలుదేరాను. బల్ల దగ్గర రాహేలు తలెత్తి, "నేర్పనా అక్కా వీళ్ళకి" అని అడిగింది. చుట్టూ మగవాళ్ళు ఆమెను రాహేలమ్మ గారూ అని పిలుస్తూ చీటీలు తీసుకుంటున్నారు.

"నేర్పాను. నువ్వు లేవక్కర్లా" అన్నాను.

ఆ పన్నెండు మందిలో ఆరుగురి తరువాత నేను నిలబడ్డాను. నా వంతు వచ్చి తడిక వెనక్కి వెళ్ళాను. బల్ల మీద సిరా దిండు ఉంది. దాని పక్కన కొయ్య పిడి ఉన్న రబ్బరు స్టాంపు, ఎవరూ పట్టుకుపోకుండా దారంతో బల్లకు కట్టి ఉంది. చూడగానే అర్థమయింది. దాన్ని చేతిలోకి తీసుకుని, సిరాలో అద్ది, గొడుగు పక్కన కొట్టాను. చక్కగా పడింది. మడిచి పెట్టెలో వేసి బయటికి వచ్చాను. సాలమ్మ నా వెనకే ఉంది. అప్పటికే బొటనవేలు కొంగుకు తుడుచుకుని సిద్ధం చేసుకుంటోంది. ఆమె వెనకాల లైను పొడుగునా ఆ మాట పాకిపోయింది. రాహేలు దగ్గర బెండకాయతో నేర్చుకున్నవాళ్ళు కూడా, బొటనవేలంట, ఇయ్యాల మార్చారంట అని చెప్పుకుంటున్నారు.

"యేలేగా దీనమ్మా" అని సాలమ్మ గుసగుసగా అడిగింది.

బల్ల అక్కడికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. నేను తప్పు చెప్పానని అక్కడ నోరు తెరిస్తే రాహేలు లేచి వస్తుంది. అందరి ముందూ నా తప్పు ఆమె దిద్దుతుంది. "కానియ్యి" అన్నాను. ఇంటికి వచ్చి సంగటి కలిపాను.

ఇక బుధవారం. జీపులోంచి చలమయ్య గారు, పార్టీ సెక్రటరీ దిగారు. చలమయ్య గారు పేటలో కాలు పెట్టడం అదే మొదలు. మా మామ మంచం వాల్చి ఉతికిన దుప్పటి పరిచాడు. మంచినీళ్ళు ఇవ్వమంటారా అని అడగలేదు. మా ఇంట నీళ్ళు ఆయన తాగడని అడగకుండానే తెలుసు. ఓట్లకు ఆ పట్టింపు లేదు. సెక్రటరీ చేతిలో ఒక కాగితం ఉంది. మా వాడు ఓడింది రెండు వందల పైచిలుకు ఓట్లతోనట. మా బడిలో వేసిన ఓట్లలో అరవై రెండు చెల్లలేదట. బొటనవేలి గుర్తులున్న కాగితాలట. రెండు వందలకూ అరవై రెండుకూ లెక్క కుదరదని నాకే తెలుస్తోంది. కానీ ఓడినవాళ్ళకు లెక్క కాదు కావలసింది, నిలబెట్టి అడగడానికి ఒక వాకిలి. మిగతా ఊళ్ళలో పెద్ద పెద్ద వాకిళ్ళు ఉన్నాయి. అక్కడ గట్టిగా అడగడం కష్టం. అందుకని మా వాకిటికి వచ్చారు.

"ఏందిరా యోహానూ ఇది" అన్నాడు చలమయ్య గారు. "మీ పేట మీద భరోసా పెట్టుకుంటే నా తల తీసేశారు గదరా."

"మాదేం తప్పు లేదయ్యా. మా మొగోళ్ళంతా స్టాంపే ఏశారు" అన్నాడు మా మామ. నా భర్త ఏసోబు, మరిది సామ్యేలు తలలూపారు. అంటే తప్పు ఆడవాళ్ళదని.

సాలమ్మ ముందుకు వచ్చింది. "మొగోళ్ళు సారా దుకాణం కాడ రెండు పార్టీల సారా తాగి పోయి ఏశారు. యేలేశారో కాలేశారో ఎవురు చూశారు" అంది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"నువ్వేశావా వేలు" అన్నాడు సెక్రటరీ.

"నేనా? అయ్యో నాయినా, నేను స్టాంపే కొట్టినా. టప్పుమని కొట్టినా. సప్పుడు బయటికి ఇనపడింది."

వాకిట్లో ముందున్నవాళ్ళను ఒక్కొక్కరినే అడిగారు, గుమ్మం దాకా రాలేదు. అందరూ స్టాంపే కొట్టారు. అరవై రెండు వేళ్ళలో ఒక్కటి కూడా ఎవరిదీ కాదు.

"చదువు లేని జనంతో ఇదే గొడవండీ" అన్నాడు సెక్రటరీ చలమయ్య గారితో. దానికి సాలమ్మ ఊరుకోలేదు. "పోయిన ఓట్లప్పుడు బడి పెడతామన్నారు, రోడ్డు ఏస్తామన్నారు. బడి పెట్టుంటే మాకూ సదువొచ్చేదిగా. మీరు నేర్పరు, మేం నేర్వలేదని జీపేసుకుని వస్తిరి. ఓడిపోతే మేము యాదికొచ్చామా" అంది. చలమయ్య గారి ముఖం ఎర్రబడింది. మా మామ సాలమ్మను నోరు మూసుకోమని కసిరాడు. గడియారం ఒక్కటే ఇంట్లో టిక్కు టిక్కుమంటోంది.

"అసలు వీళ్ళకి నేర్పింది ఎవరు" అన్నాడు సెక్రటరీ.

ఎవరూ వేలు చూపించలేదు. చూపించనక్కర్లేదు. అన్ని తలలూ రాహేలు వైపు తిరిగాయి. ఆమె గడప లోపల, నేను గడప బయట. మధ్యలో జానెడు చెక్క. రాహేలు, "స్టాంపనే నేర్పానండీ. ఎట్లా నేర్పానో చూపిస్తా, కాగితాలు ఉన్నాయి" అని లోపలికి వెళ్ళింది. గడియారం జరిపిన చప్పుడు విన్నాను. తిరిగి వచ్చేటప్పటికి ఆమె చేతులు ఖాళీగా ఉన్నాయి. ముఖంలో రంగు లేదు. నా వైపు ఒక్కసారి చూసింది. కోపంగా చూసి ఉంటే నేనూ కోపం తెచ్చుకునేదాన్ని. చిన్నపిల్ల పడబోతుంటే చూసినట్టు చూసింది.

"కాగితాలు అయిపోయినయండీ. నేనే సరిగ్గా చెప్పలేదేమో" అంది.

"ఇంతమందికి ఒక స్టాంపు కొట్టడం నేర్పలేని పిల్ల బడిలో అక్షరాలు నేర్పుద్దా" అన్నాడు సెక్రటరీ. చలమయ్య గారు లేచి కండువా దులుపుకున్నాడు. ఆ దులపడంతో టీచరు పోస్టు పోయింది. జీపు లేపిన దుమ్ము వాకిట్లో ఆరబెట్టిన మిరపకాయల మీద పడింది.

ఆ పొద్దు గుంకాక ప్రార్థనకు కూర్చున్నప్పుడు మా మామ బైబిలు రాహేలు చేతికి ఇవ్వలేదు. మూసిన బైబిలు ముందు పెట్టుకుని, పాత నాలుగు కీర్తనలు చెప్పాడు. మేము ఆయన వెనక పలికాం. రాహేలు కూడా పలికింది. నేను సంతోషపడ్డానని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ పడ్డాను. మర్నాడు సాలమ్మ బావి దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నీ పేరు చెబితే నా యేలు బయటపడుద్దిగదే" అని నవ్వింది. నేనూ నవ్వాను. నలుగురి మీద పడాల్సిన తప్పు ఒకరి మీద పడితే మిగతావాళ్ళకు అంత తేలిగ్గా ఉంటుంది.

ఏడాది తిరక్కుండా వెల్దుర్తి అవతల ఎక్కడో మిషను బడిలో రాహేలుకు చిన్న పని దొరికింది. ఆమె, సామ్యేలు బండి కట్టుకుని వెళ్ళిపోయారు. గడియారం కూడా వెళ్ళింది. గోడ మీద అది ఉన్న చోట పొగ పట్టని తెల్లటి గుండ్రం మిగిలింది. మా మామ మళ్ళీ, "పొద్దెంతయిందే దీనమ్మా" అని అడగడం మొదలుపెట్టాడు. చెప్పేదాన్ని. అడిగిన ప్రతిసారీ నా కళ్ళు రాళ్ళ మీదికి పోకముందు ఆ గుండ్రం మీదికి పోయేవి. గంజి పెట్టిన చీర మంచం కిందే ఉండిపోయింది. మరిచిపోయిందో, వదిలేసిందో. మా అత్త దాన్ని నాకు ఇవ్వబోతే వద్దన్నాను.

మా అత్త పోయినప్పుడు రాహేలు వచ్చి ఒక ఎండాకాలమంతా ఉంది. అప్పటికి నాకు నలభై దాటాయి. ఒక రోజు నేనే వాకిట్లో ఆమె ముందు కాళ్ళు మడిచి కూర్చుని, "నాకు నేర్పవే" అన్నాను. బొగ్గు ముక్కతో నాపరాళ్ళ మీద నేర్పింది. ఒక్కో రాయికి ఒక్కో అక్షరం. నీడ ఇంకా ఉన్న రాళ్ళ మీద, ఎండ కాళ్ళకు అంటేదాకా రాసేదాన్ని. నా పేరులో దీ రాయడానికి మూడు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆమె ఎప్పుడైనా ఆ మాట ఎత్తుతుందని భయపడ్డాను. ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని కూడా అనుకున్నాను. ఎత్తకపోయేసరికి నాకు లోపల మళ్ళీ పాత మంటే. చదువు నాకు కూడా వచ్చింది, బాగానే వచ్చింది, బైబిలు మొత్తం మూడుసార్లు చదివాను. ఆ నోరు మూసుకోవడం మాత్రం ఆమె నుంచి నాకు రాలేదు.

ఇప్పుడు ఓట్లకు మిషన్లు వచ్చాయి. మీట నొక్కితే కూతవేస్తుంది. లెక్కింపు రోజు మనవడు టీవీ పెడతాడు. ఓడిన పార్టీ వాళ్ళు ఒకడు మిషన్‌దే తప్పంటాడు, ఒకడు జనానిదంటాడు, ఇంకొకడు పక్కనున్న వాడినే చూపిస్తాడు. ఊళ్ళోవాళ్ళు రచ్చబండ దగ్గర కూర్చుని పార్టీ వాళ్ళను తిడతారు. "ఎవరిదంటావు నాయనమ్మా తప్పు" అని మనవడు వేళాకోళంగా అడుగుతాడు. జీపులు కార్లయ్యాయి, స్టాంపు మీటయింది, ఆ వాకిలి మాత్రం అట్లాగే ఉంది. అప్పుడూ ఇప్పుడూ నేనని అన్నవాడు ఒక్కడూ కనపడలేదు. కనపడింది ఒక్కతే, చేయని తప్పుకు నేనేనేమో అన్న పాతికేళ్ళ ఆడపిల్ల.

ఇక ఆ కాగితం. కరుణ నిద్రపోయాక కాదు, పట్టపగలే, అద్దాలు పెట్టుకుని మళ్ళీ విప్పి చూశాను. వరసగా గుర్తుల బొమ్మలు. గొడుగు పక్కన నల్లటి బొటనవేలు. గీతలు కూడా పోలేదు. కుండ మసి అంత కాలం నిలబడుతుందని నాకు తెలియదు. ఆ బుధవారం గడియారం వెనక చెయ్యి పెట్టినప్పుడు కట్ట మీద ఆమెకు కనపడింది అదే. దాన్ని తెచ్చి మంచం మీద పెట్టి ఉంటే పోస్టు నిలిచేది, నేను ఆ ఇంట్లో నిలిచేదాన్ని కాదు. మడిచి బైబిల్లో పెట్టుకుంది. ముందూ వెనకా తిప్పి చూశాను, ఏమైనా రాసిందేమోనని. ఒక్క మాట కూడా లేదు. తిట్టు రాసినా చదువుకునేదాన్ని. ఇప్పుడు నాకు చదవడం వచ్చు, చదవడానికి ఆమె నాకు ఏమీ వదల్లేదు, నా వేలు తప్ప. ఆమె పోయాక కూడా నాకు ఆమె మీద కుళ్ళు తీరలేదని ఆ రోజు తెలిసింది. అంత మంచితనం నాకు దక్కి ఉంటే నేను దాన్ని అంత నిశ్శబ్దంగా దాచుకోగలిగేదాన్ని కాదు.

ఆ బుధవారం పదింబావుకు మా వాకిట్లో తప్పు ఎవరిదని అందరినీ అడిగారు, నన్నొక్కదాన్నే అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను. ఎవరిదైనా పేరు మిగిలిపోతే మళ్ళీ తప్పు ఇంకొకరి మీద పడుతుంది కాబట్టి ఉన్నవాళ్ళందరినీ రాస్తున్నాను. మంచం మీద చలమయ్య గారు, ఆయన పక్కన సెక్రటరీ, ఆయన పేరు మాకెవరూ చెప్పలేదు. మంచం ముందు చేతులు కట్టుకుని మా మామ యోహాను. ఆయన వెనక నా భర్త ఏసోబు, మరిది సామ్యేలు. గోడకు ఆనుకుని కూర్చుని మా అత్త మార్తమ్మ. నడిమధ్యన సాలమ్మ, ఆమె చుట్టూ మిరప కోతల నుంచి వచ్చిన చివరి వరస ఇళ్ళ ఆడవాళ్ళు పదకొండు మంది. గడప లోపల రాహేలు. గడప బయట, మసి ఎప్పుడో కడిగేసినా బొటనవేలు కొంగులో దాచుకుని, దీనమ్మ.